నున్నటి పిడకలు

పనబాకంలో మా ఇంటిది దచ్చినం వాకిలి.
కార్తీకం నుంచి ఎండ గడప దాటుకోని లోపలికొస్తా ఉంటాది,
దినానికి ఒక గింజంత,
అడక్కుండా వచ్చే చుట్టం మాదిరి.
కందుల మూట దాటి, కత్తిపీట దాటి
ఒక మధ్యాన్నం రోలును తాకతాది.
వారం దినాలు ఆడనే కూచుంటాది.
ఆ తర్వాత చూస్తే రోటికీ ఎండకూ నడాన సన్నటి సందు.
పొద్దు తిరిగింది అనుకుంటా.
పండక్కి ఇంగా మూడు వారాలుండాది అంటాది పంచాంగం.
దానికి దాని లెక్క, రోటికి రోటి లెక్క.

కంపెనీ పిల్లోడు లోహిత్‌కి ఇది యాడ తెలిసిందో.
"అవ్వా, అసలైన ఉత్తరాయణం డిసెంబర్లోనే,
మన పూర్వీకులకు తెలుసు, మనమే మర్చిపోయినాం"
అన్నాడు రోలు మీద కూచోని.
లెయ్ నాయనా, రోలు మీద కూచోగూడదు అన్నా.
ఫోనులో రాసుకున్నాడు.

కరకంబాడి రోడ్డులో మామిడితోపు అద్దెకు తీసుకున్నారంట.
మనిషికి పన్నెండు నూర్లు టిక్కెట్టు,
పొంగలికి వేరే దుడ్డు.
ముందుగా అట్టపెట్టెల్లోకి పిడకలు కావాలన్నారు.
నూటా ఎనభై పంపితే అరవై వెనక్కొచ్చినాయి.
"వేళ్ళ గుర్తులు పడినాయవ్వా, ఫినిషింగ్ లేదు."

యాబై ఏండ్లుగా గోడకు కొడతా ఉండా,
వేళ్ళు లేకుండా యెట్ల కొడతారో నాకు తెలీదు.
రేషన్ అంగట్లో మిషను మీద బొటనవేలు పెడితే
ముద్ర పడలేదు అంటాది. అరిగిపోయినాయంట.
యాడికి పోయినాయో నాకు తెలుసు.
సరేలే అని డబ్బా మూతతో వత్తి పంపినా,
గుండ్రంగా, నున్నగా, ఎవురివో తెలీకుండా.

ఆ రాత్రి నన్ను వ్యానులో తీసకపోయినారు.
ఎర్రంచు చీర ఇచ్చినారు, పొయ్యేటప్పుడు విడిచియ్యాలంట.
గమేళాలో పేడ, పేడలో ఏందో సెంటు,
మొగిలిపూల వాసన.
మా ఎర్రావు చూసుంటే మేత మానేసేది.
నెత్తిమీద బోర్డు. ఏం రాసినారమ్మా అంటే
నీళ్ళు పోసే అమ్మాయి చదివింది:
"మీ చేతి ముద్రతో మీ సొంత పిడక. నూటా యాబై."

చేతి ముద్రతో.
నేనేమీ అనలేదు.

గ్లౌజులేసుకోని వచ్చి వత్తినారు కొందరు.
ఒక బిడ్డ, నైమిష అంట, గ్లౌజు పీకి పారేసింది.
"అవ్వా, ఇది చల్లగా ఉందే!"
గట్టిగా వద్దు తల్లీ, చెంప మీద తట్టినట్టు, అని
దాని చేతిమీద నా చెయ్యి పెట్టినా.
వాళ్ళమ్మ ఇంగోసారి అన్నింది, ఫోటో సరిగ్గా రాలేదని.

స్పీకర్లో భోగి పలకల మోత.
మా ఊర్లో పిల్లకాయలు పలక కొడితే కుక్కలు పొలాల్లో పడతాయి,
ఈడొక కుక్క స్పీకరు కిందనే పండుకోనుండాది.
ఇనప బుట్టలో గ్యాసు మంట.
"పాతవి ఏమున్నా వేసేయండి" అని మైకులో అన్నారు.
ఎవురి దగ్గరా పాతది లేదు.
ఒకాయన జేబులన్నీ వెతికి పార్కింగు చీటీ వేసినాడు.
పది గంటలకు మంటను తిప్పి ఆపేసినారు.

నైమిష పిడక బల్లమీదనే ఉండిపోయింది,
కార్లో వాసనొస్తాదని.
పచ్చిదాన్ని టేకాకులో పెట్టుకోని తెచ్చి
మా గోడకే కొట్టినా, వెనకపక్క నుంచి, ముద్ర చెరక్కుండా.
ఎనిమిది దినాలు పట్టింది ఎండేదానికి.
లోహిత్ అయిదు నూర్లు ఇంగా వెయ్యలేదు.

భోగినాడు కోడి కూసేలోపల నీళ్ళకాగు కింద పెట్టినా దాన్ని.
దాచాల్సిందేమో.
పిడకను దాచి ఏం చేసుకుంటారు?
చిటికెనవేలు ముందు అంటుకుంది.
నీళ్ళు బాగానే కాగినాయి, తలకు పోసుకున్నా.

మధ్యాన్నం చూస్తే
ఎండ రోటికి బెత్తెడు దూరం జరిగింది.
చెయ్యి పెట్టి కొలిచినా.
నాలుగు వేళ్ళు.